తొమ్మిదో రోజు చామంతి

మేడం పోయారని కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టేరు. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఎవరో మహానుభావుడు గులాబీ రేకులు విప్పుతున్న వీడియో కూడా పెట్టేడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ కాలేజీలో ఉన్నన్నాళ్ళూ స్టాఫ్ రూములో "పూలపిచ్చిది వచ్చింది" అని మొహం తిప్పుకున్న వాళ్ళేగా వీళ్ళంతా! ఫోను బోర్లా పడేసి చపాతీ పిండి కలుపుకుంటూ కూర్చున్నాను. కూర్చున్నానే గాని చెయ్యి ఆడలేదు. ఆవిడకీ నాకూ మధ్య ఒక సంగతుంది. మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడింక నా ఒక్కర్తికే తెలుసు. ఒక్కర్తినే మొయ్యలేక చెప్పేస్తున్నాను.

నేను అనకాపల్లిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బోటనీ ల్యాబ్ అసిస్టెంట్‌ని. పేరుకి అసిస్టెంటు, పనికి గాజు సామాను తోముకునే మనిషిని. ఆవిడ మాకు బోటనీ లెక్చరరు. యాభై దాటేక పీహెచ్‌డీకి దిగేరు. దేని మీదండీ అంటే, కోసిన పువ్వు ఎందుకు వాడిపోతుంది అని.

"ఓస్, ఇంతేనా! దానికి పీహెచ్‌డీ ఏటండీ, మా అత్తనడిగితే నిలబడ్డపాటున చెప్పేస్తాది" అన్నాను నవ్వుతూ. నూకాలమ్మ గుడి వీధిలో మా అత్త ముప్ఫై ఏళ్ళుగా పూలమ్ముతోంది.

ఇంకొకరైతే నవ్వి ఊరుకుందురు. మర్నాడు పొద్దున్నే వెనకనుంచి గొంతు వినబడింది. "అడిగేవా? ఏమన్నారు మీ అత్తగారు?"

ఉలిక్కిపడ్డాను. ఆవిడ నడిస్తే చప్పుడుండదు. రబ్బరు చెప్పులు, బక్క ప్రాణం. ఎప్పుడొచ్చి నిలబడ్డారో తెలిసేది కాదు. సింకు దగ్గర తలెత్తితే కిటికీ అద్దంలో నా భుజం పక్కన ఆవిడ మొహం ఉండేది. అన్నేళ్ళు కలిసి పనిచేసేను గాని ఆ అలవాటు మాత్రం నాకు సరిపడలేదు.

"ఎండ, గాలి, తగలకూడని చెయ్యి. ఈ మూడిట్లో ఏదో ఒకటి అందండీ" అన్నాను.

ఆవిడ నోటుబుక్కు తీసి ఆ మూడూ రాసుకున్నారు. మూడోదాని కింద గీత గీసేరు.

ఆవిడ జడలో పువ్వు పెట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. టీచర్స్ డే నాడు పిల్లలు మల్లెపూల మూర ఇస్తే బల్ల మీద పెట్టి, వాచీ చూసి, టైము రాసుకున్నారు. మగవాళ్ళ వాచీ, మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకునేవారు. ఒకసారి కలువల కోసం ఇద్దరం కొండకర్ల ఆవకి వెళ్ళేం. పడవబ్బాయి పువ్వు మీద చెయ్యి వెయ్యగానే "ఆగు బాబూ, నేను చెప్పేక కొయ్యి" అన్నారు. వాచీ చూస్తూ "ఇప్పుడు" అన్నారు. అతను కోసేడు. పదీ పద్దెనిమిది అని రాసుకున్నారు.

"ఏటమ్మా, పువ్వుకి జాతకం రాత్తన్నారేటి?" అన్నాడతను పళ్ళికిలించి.

"జాతకం పుట్టినప్పుడు రాస్తారు. ఇది రెండోది" అన్నారావిడ. మామూలుగానే అన్నారు. ఆ పడవబ్బాయి గట్టు దాకా నీళ్ళకేసే చూసుకుంటూ తెడ్డేసేడు.

ల్యాబులో వరసగా సీసాలు, సీసాకొక పువ్వు, పువ్వుకొక నంబరు చీటీ. పొద్దున్న రాగానే హాజరు పిలిచేవారు. నవ్వులాట కాదు, క్లాసులో పిల్లల్ని పిలిచినట్టే. "ఒకటి." వంగి, వేలి వెనకవైపుతో రేకుని తాకి, "ఉంది." "రెండు. ఉంది." "ఏడు." ఇంకోసారి తాకేవారు. "లేదు."

నేను వెళ్ళి చూసేదాన్ని. ఏడో నంబరు నిక్షేపంలా ఉండేది. "అదేటండీ, పెళ్ళికూతుర్లా ఉంటే లేదంటారు?" అని దెబ్బలాడేదాన్ని.

"రేపు సాయంత్రం నువ్వూ అంటావులే అమ్మాయ్" అనేవారు. మర్నాడు సాయంత్రానికి ఏడో నంబరు తల వేలాడేసేది. ఒక్కసారి కూడా ఆవిడ మాట తప్పలేదు. మొదట్లో తమాషాగా ఉండేది. పోనుపోను ఆవిడ నా చెయ్యి పట్టుకుని "జ్వరమా?" అనడిగినా వెనక్కి లాక్కునేదాన్ని. నన్ను ఏ నంబరులో వేస్తారో అని భయం.

చదువురాని దానికి చెప్పినట్టు నాకు చెప్పేవారు. "కోసేరని పువ్వుకి తెలీదమ్మాయ్. ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఊపిరి తీస్తే లోపల విషంలాంటిది పుడుతుంది. చెట్టుకైనా అంతే, మనకైనా అంతే. దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చి పారేసే ఎంజైములు ఉంటాయి. కేటలేజ్, పెరాక్సిడేజ్..." ఇంకోటి సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్. ఆ పేరు తిన్నగా పలకడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. "చెట్టు మీద ఉన్నంతకాలం వీటికి తిండి అందుతుంది. కోసేక అందదు. అయినా పని మానవు. రెండో రోజైతే ఇంకా గట్టిగా పనిచేస్తాయి, నేను కొలిచి చూసేను. తరవాత ఒక్కొక్కటే ఆగిపోతాయి. విషం పేరుకుపోతుంది, రేకు కారిపోతుంది. అదే వాడిపోవడం." ఇంత చెప్పి, "నాకు ఆ రెండో రోజే భయంగా ఉంటుంది" అనేవారు.

లెక్కలన్నీ మెషీన్లో తేల్చేవారు. కరెంటు పోతే మాత్రం నాకిష్టమైన పరీక్ష చేసేవాళ్ళం. రేకుల్ని ఐసు ముక్కతో కలిపి నూరి, ఆ రసంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ నాలుగు చుక్కలు వేస్తే బుసబుసమని నురగ పొంగుతుంది. కేటలేజ్ బతికుంటేనే పొంగేది. పొంగకపోతే లోపల ఊడ్చేవాళ్ళు లేరు, ఇల్లు ఖాళీ అని అర్థం. నేను స్కేలు పెట్టి నురగ కొలిచేదాన్ని.

పువ్వు ఇంకాస్త నిలబడ్డానికి ఆవిడ మందునీళ్ళు కూడా తయారుచేసేవారు. చక్కెర, నిమ్మ ఉప్పు, ఇంకా ఏవో. మిగిలినవి పారబొయ్యమనేవారు. నేను పారబొయ్యలేదు. వాటర్ బాటిల్లో పోసుకుని ఇంటికి తెచ్చి, మా అత్త చూడకుండా ఆవిడ పూలతట్ట మీద తడిగుడ్డకి చల్లేదాన్ని. సాయంత్రానికి మిగిలిన పూలు పారేస్తూ ఆవిడ పడే ఏడుపు చూడలేక చేసిన పని. పూలు ఒక రోజు ఎక్కువ ఆగేవి. "ఏటోనే గుంటా, ఈ ఏడు పూలు మా సత్తువగా ఉంతన్నాయి" అని మురిసిపోయేది.

ఆ ఏడు ఉగాది ముందు కొత్త అమావాస్య వెళ్ళిన వారానికి మా ఆయన పోయేరు. పరవాడలో కంపెనీలో పని. పొద్దున్న షిఫ్టుకి బయల్దేరుతూ అరుగు మీద కూర్చుని బూట్ల లేసు కట్టుకుంటున్నారు. ఒక బూటు కట్టేరు. రెండోదానికి వంగిన మనిషి మరి లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. వీధి చివర కంపెనీ బస్సు హారన్ కొడుతూనే ఉంది. నలభై ఒక్క ఏళ్ళు.

మా అత్తవారింట ఒక పద్ధతుంది. తల్లి ఉండగా కొడుకు పోతే ఫోటోకి దండ తల్లే కట్టాలి. ఆ దండని ఇంకెవరూ ముట్టుకోకూడదు. అది వాడేక తల్లే తీసి శారదా నదిలో వదలాలి. అప్పటికి గాని పోయినవాడు గడప దాటినట్టు కాదు. అందాకా తల్లి అన్నం ముట్టదు, పాలూ అరటిపండూ తప్ప. మామూలుగా అయితే ఏముంది, మూడో రోజుకి పూలు నల్లబడతాయి, దండ తీసేస్తారు, ఆ తల్లి నోట్లో ఇన్ని మెతుకులు పడతాయి. మా అత్త తన తట్టలోంచే తెల్ల చామంతులు తీసి దండ కట్టింది. ముప్ఫై ఏళ్ళ చెయ్యి, ఒక్క ముడి కూడా తప్పలేదు.

మూడో రోజున దండ అలాగే ఉంది. ఐదో రోజునా అలాగే ఉంది. బయట చైత్రమాసం ఎండ పేలిపోతోంది, పక్కన దీపం వేడి, రేకు నలగలేదు. తడి ఆరనట్టు మెరుస్తోంది. వీధిలో ఆడవాళ్ళు వచ్చి చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్ళేవారు. కొందరు గుమ్మం దగ్గరే ఆగిపోయేవారు.

"నా కొడుకు ఎల్లనేదే. ఇంటోనే ఉన్నాడు" అంది మా అత్త. ఏడవడం మానేసింది. ఫోటో ఎదురుగా చాప వేసుకుని, ఫ్యాను అటు తిప్పించి, పొద్దస్తమానం దానితోనే మాట్లాడేది. "ఉక్కగా ఉందేట్రా నాయనా? కాఫీ తాగుతావేటి?" నన్ను పిలిచేది. "ఒలే, నువ్వూ రాయే. నీ మాట ఇనాలని ఉండదేటి ఆడికి? పలకరించవే!"

"నాకు పనుంది" అనేదాన్ని. కోపంతోనే అనేదాన్ని. అది నేను చల్లిన మందునీళ్ళ మహిమ అని నాకు తెలుసు కదా.

ఎంత తెలిస్తే ఏం లాభం, నోరు విప్పే దారేది? ఆవిడకి షుగరుంది, బీపీ ఉంది. ఏడో రోజుకి కళ్ళు లోపలికి పోయాయి. గోడ పట్టుకుంటే గాని లేవలేకపోతోంది. వీధి చివర డాక్టరొచ్చి చూసి "అన్నం తినకపోతే ఈవిడ కూడా దక్కదమ్మా" అన్నాడు. మా మరిది ఆవిడ కాళ్ళు పట్టుకున్నాడు. "ఆడు ఇంటో ఉండగా నానెలా తింతానురా?" అంది. ఫోటో మీద దండ నవనవలాడుతోంది. ఒక కర్మ పూర్తి కాకుండానే రెండో కర్మ వచ్చేలా ఉంది. అంతా నా సీసాతోనే వచ్చింది.

ఎనిమిదో రోజు మేడానికి ఫోన్ చేసి ఏడ్చేసేను. నీళ్ళు ఎత్తుకెళ్ళిన సంగతి, తట్ట మీద చల్లిన సంగతి, అన్నీ చెప్పేను. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"ఆ తట్టలో మిగిలిన చామంతులేమయ్యాయి?" అనడిగేరు.

"నాలుగో రోజుకే నల్లబడిపోయాయండీ. పారేసేను."

అటు నుంచి నోటుబుక్కు పేజీలు తిప్పుతున్న చప్పుడు వినబడింది. "రేపు వస్తాను. ఐసు తెప్పించి ఉంచు" అన్నారు.

తొమ్మిదో రోజు పదకొండు గంటలకి వచ్చేరు. చప్పుడు లేకుండా గుమ్మంలో నిలబడ్డారు. మా అత్త మాత్రం ఉలిక్కిపడలేదు. "ఎవులమ్మా?" అంది.

"మా కాలేజీ మేడం, అత్తా."

మేడం వెళ్ళి ఆవిడ పక్కన కింద కూర్చున్నారు. "ఎండ, గాలి, తగలకూడని చెయ్యి. ఆ మాట మీరు చెప్పిందేనండి. నా పుస్తకంలో మొదటి పేజీలో రాసుకున్నాను" అన్నారు. మా అత్త ఎండిపోయిన పెదాలతో నవ్వింది. తొమ్మిది రోజుల్లో అదే మొదలు.

"మీ అబ్బాయి ఉన్నాడో లేదో నాకు తెలీదమ్మా. ఆ చదువు నేను చదవలేదు. ఆ పువ్వులో ప్రాణం ఉందో లేదో మాత్రం చూపించగలను. చూస్తారా?"

మా అత్త ఫోటోకేసి చూసింది. చూసి చూసి, గోడ పట్టుకుని లేచి, దండలోంచి తనే ఒక చామంతి తీసి ఇచ్చింది.

మేడం ముందుగా బజారు నుంచి అప్పుడే తెప్పించిన చామంతి తీసుకున్నారు. యాలకులు దంచుకునే చిన్న రోట్లో ఐసు వేసి నూరి, రసం గాజు గ్లాసులో పోసేరు. మందుల షాపు నుంచి తెచ్చిన పెరాక్సైడ్ సీసా మూత తీసి నాలుగు చుక్కలు వేసేరు. బుస్సున తెల్లటి నురగ లేచి గ్లాసు అంచు దాకా వచ్చింది.

"ఓలమ్మా!" అంది మా అత్త.

"బతికున్న పువ్వు ఇలా పొంగుతుందండీ" అన్నారు మేడం. రోలు కడిగి, దండలోని చామంతి వేసేరు. పైకి అంత తడిగా మెరుస్తున్న పువ్వు రోకలి తగలగానే ఎండుటాకులా కరకరలాడింది. వాసన చూసేను. పువ్వు వాసన లేదు, కుళ్ళు వాసన లేదు. అసలు ఏ వాసనా లేదు. రసం రెండో గ్లాసులో పోసి చుక్కలు వేసేరు.

ఏమీ లేదు. ఒక్క బుడగ లేదు. ఇంకో నాలుగు వేసేరు. ఇంకో నాలుగు వేసేరు. గ్లాసులో నీళ్ళు కదలకుండా ఉన్నాయి.

మా అత్త రెండు గ్లాసులూ మార్చి మార్చి చూసింది.

"అయితే ఆడు ఎల్లిపోయేడు" అంది మెల్లిగా. "ఎప్పుడో ఎల్లిపోయేడు. మొకం ఒక్కటీ నా కోసం ఉంచీసి ఎల్లిపోయేడు."

అప్పుడు ఏడ్చింది. తొమ్మిది రోజులదీ ఒక్కసారే ఏడ్చింది. మేడం ఆవిడ వీపు మీద చెయ్యేసి కూర్చున్నారు. ఏడుపయ్యేక దండ తనే దించి, తువ్వాల్లో చుట్టి, మా మరిదితో ఆటోలో శారదా నదికి వెళ్ళి వదిలి వచ్చింది. వచ్చి తలమీద నీళ్ళు పోసుకుని "ఆకలేత్తందే" అంది. అన్నంలో చారు పోసి కలిపి పెట్టేను. మొదటి ముద్ద గొంతు దిగేవరకూ మేడం ఆవిడ నోటికేసే చూస్తూ కూర్చున్నారు.

సాగనంపడానికి వీధిలోకి వచ్చేను. "మీ దయ వల్ల మా అత్త దక్కిందండీ. ఇంకెప్పుడూ మీ నీళ్ళు ముట్టుకోను" అన్నాను.

ఆవిడ వాచీ పట్టీ సర్దుకుంటున్నారు. సర్దుకున్నదే సర్దుకుంటున్నారు.

"అమ్మాయ్, రెండేళ్ళు నురగ కొలిచేవు. ఆలోచించు. నా నీళ్ళు ఏం చేస్తాయి? లోపల ఊడ్చేవాళ్ళని ఇంకాస్త బతికిస్తాయి. అంతే. నా నీళ్ళే ఆ పువ్వుని నిలబెట్టి ఉంటే అది పొంగాలి."

నిజమే కదా. అది పొంగలేదు.

"పైగా నా మందు రెండు రోజులకి మించి ఇవ్వదు. తొమ్మిది రోజులిచ్చేదైతే నేనీ కాలేజీలో ఎందుకుంటాను? లోపల ఎప్పుడో ఖాళీ అయిపోయింది. ఖాళీ అయిన పువ్వు వాడాలి. ఇన్ని వందల పూలు చూసేను, వాడకుండా ఉన్నది ఒక్కటీ లేదు."

"మరి దాన్నేటి నిలబెట్టిందండీ?"

"అది రాసుకోడానికి నా పుస్తకంలో గడి లేదు" అన్నారు. నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి, "మీ అత్తగారికి చెప్పకు. అన్నం తిన్నారు" అన్నారు.

చెప్పలేదు. ఇప్పటికీ మా అత్త పుష్టిగా తిని, నన్ను పుష్టిగా తిట్టి, పూలమ్ముకుంటోంది. మేడం ఆ తరవాత చామంతి జోలికి పోలేదు. గులాబీల మీదే పని పూర్తిచేసి పట్టా తెచ్చుకున్నారు. ఆ పువ్వు సంగతి అందులో ఎక్కడా లేదు, నేను పేజీ పేజీ తిప్పి చూసేను. రిటైరయ్యే రోజున మాత్రం సింకు దగ్గరకి వచ్చి అడిగేరు. "ఆ తొమ్మిది రోజులూ ఇంట్లో నీకేమైనా అనిపించిందా అమ్మాయ్? ఎవరో ఉన్నట్టు?"

"నేనటు చూడలేదండీ" అన్నాను.

అది నిజం. అనిపించడానికైనా అటు తిరిగి నిలబడాలి కదా. మా అత్త చదువుకోలేదు, తొమ్మిది రోజులూ కొడుకుతో కడుపునిండా మాట్లాడుకుంది. నేను తెలిసినదాన్ని. అది మందునీళ్ళని తెలిసి, చీపురు పట్టుకుని ఆయన ముందు నుంచే అటూ ఇటూ తిరిగేను. పదహారేళ్ళ కాపరం మాది. ఆయన నిజంగానే తొమ్మిది రోజులు అక్కడ నిలబడి ఉంటే, నేనొక్కసారైనా పలకరించలేదు.